వాన సెలవు నాడు పిల్లలెక్కడ?

చెన్నపట్నంలో ఏడాది పొడుగునా పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. తెలుగునాట చాలా జిల్లాలలో నైరుతి ఋతుపవనాలు వెనుదిరగడంతో వానాకాలం ముగిసినట్లే. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలవారిని మినహాయిస్తే, ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు దీపావళి వేళ మొదలయ్యే ఈ రెండవ వానాకాలం అలవాటు లేనిది. గొడుగు, రెయిన్ కోటు కొనుక్కోవడం తేలికే. ఉద్యోగాలకో కూలిపనులకో వెళ్ళే తల్లిదండ్రులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేరొకటి ఉన్నది: బడికి వాన సెలవు ప్రకటించిన నాడు పిల్లలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. సెలవు ఆదేశం విద్యాసంస్థలకు మాత్రమే వర్తిస్తుంది. కార్యాలయం, కర్మాగారం, అంగడి, ఇతరుల ఇంటి వంటగది యథావిధిగా తెరిచే ఉంటాయి.

సెలవు ఎవరు ఇస్తారు

తమిళనాడులో వాన కారణంగా బడులకు సెలవు ప్రకటించే అధికారి జిల్లా కలెక్టరు. బడి నగరపాలక సంస్థదైనా, ప్రైవేటు యాజమాన్యానిదైనా, ఆ ఆదేశానికి లోబడవలసిందే. కలెక్టరుకు ఆధారం భారత వాతావరణ శాఖ ప్రాంతీయ కేంద్రం ఇచ్చే సూచన. నుంగంబాక్కంలో ఉన్న ఈ కేంద్రం 1792లో మదరాసులో నెలకొన్న నక్షత్రశాలకు వారసురాలు.

ఆ సూచనలలోని రంగులను చాలామంది పొరబాటుగా అర్థం చేసుకుంటారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని. ఇవి అధికారులకు, ప్రజలకు ఇచ్చే హెచ్చరికలే కాని సెలవు చీటీలు కావు. ఎరుపు హెచ్చరిక వచ్చినంత మాత్రాన సెలవు ఉన్నట్లు కాదు. నారింజ రంగు ఉన్న రోజున సెలవు రాకూడదనీ లేదు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు పడితే భారీ వర్షమని, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షమని, ఆపైన అత్యంత భారీ వర్షమని శాఖ లెక్క. ఈ 24 గంటల కొలత ఉదయం 8.30కు మొదలై మరునాటి ఉదయం 8.30కు ముగుస్తుంది. కనుక పత్రికలో కనబడే అంకె నిన్నటి పగటిని, రాత్రిని, ఈ తెల్లవారుజామును కలిపి చెబుతున్నది.

తీరం వెంబడి వాన మేఘాలు చిన్న చిన్న గుంపులుగా వస్తాయి. ఎన్నూరులో మోకాలి లోతు నీళ్ళు నిలిచిన వేళ అడయారులో ఎండ కాయవచ్చు. సెలవిచ్చిన రోజున సూర్యుడు కనబడితే కలెక్టరును ఎగతాళి చేయడం నగరంలో ఒక వాడుకగా మారింది. ఆ ఎగతాళి అన్ని వేళలా న్యాయమైనది కాదు. 2005 జూలై 26న ముంబయిలోని శాంతాక్రూజ్‌లో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఉదయం బడులు మామూలుగానే తెరిచారు. మధ్యాహ్నం నుంచి వాన ముంచెత్తింది. ఎందరో పిల్లలు ఆ రాత్రి బడులలోనూ, నీళ్ళలో నిలిచిపోయిన బస్సులలోనూ గడిపారు. అనవసరంగా ఇచ్చిన సెలవు వల్ల కలిగే నష్టం కంటే ఇవ్వని సెలవు వల్ల కలిగే నష్టం ఎంత పెద్దదో ఆ రాత్రి తెలిపింది. అయితే సెలవు ఇవ్వడం ఒక సంగతి, ఎప్పుడు చెప్పారన్నది మరొక సంగతి. ముందు రోజు రాత్రి 8 గంటలకు వచ్చిన ప్రకటనకూ, తెల్లవారి 7 గంటలకు వచ్చిన ప్రకటనకూ పిల్లవాడికి తేడా కనబడదు. తల్లికి ఆ పదకొండు గంటలలోనే అన్నీ ఉన్నాయి: పొరుగావిడను అడగడం, ఊరిలోని అత్తగారికి ఫోను చేయడం, పై అధికారిని సెలవు కోరడం. తెల్లవారుజామున పనిలోకి దిగే తల్లికైతే 7 గంటల ప్రకటన చేరేసరికి ఆమె ఇంట్లోనే ఉండదు.

ప్రకటనను చదవడం

ప్రకటన ముందుగా తమిళంలో వస్తుంది. ఆ నాలుగు మాటలు తెలిసి ఉంటే మధ్యవర్తి అవసరం ఉండదు. ‘విడుముఱై’ అంటే సెలవు. ‘పళ్ళి’ అంటే బడి, ‘కల్లూరి’ అంటే కళాశాల. ‘ఇన్ఱు’ అంటే నేడు, ‘నాళై’ అంటే రేపు. ఈ రెండింటినీ తారుమారు చేసుకొని పిల్లలను బడికి పంపినవారూ ఉన్నారు, మానిపించినవారూ ఉన్నారు. ‘మావట్టం’ అంటే జిల్లా. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘మట్టుం’. ‘పళ్ళిగళుక్కు మట్టుం’ అన్నారంటే సెలవు బడులకు మాత్రమే, కళాశాలలకు కాదు. అంగన్‌వాడీల సంగతి ఆదేశంలో ఉన్నదో లేదో విడిగా చూసుకోవాలి.

జిల్లా పేరు చూడకుండా సెలవు అనుకోవడం రెండవ పొరబాటు. నగరం ఒకటిగానే కనబడుతుంది కాని, దాని చుట్టూ చెన్నై, తిరువళ్ళూరు, కాంచీపురం, చెంగల్పట్టు అని నాలుగు జిల్లాలున్నాయి. చెంగల్పట్టు 2019లో కాంచీపురం నుంచి విడివడింది. తాంబరం చెంగల్పట్టు జిల్లాలోనిది. ఆవడి, పూందమల్లి తిరువళ్ళూరు జిల్లాలోనివి. తాంబరంలో ఇల్లు, గిండీలో ఒక బిడ్డ బడి, ఇంటి పక్కనే మరొక బిడ్డ బడి ఉన్న కుటుంబంలో ఒకరికి సెలవు ఉండి మరొకరికి లేకపోవచ్చు. ఆదేశం వర్తించేది బడి ఉన్న జిల్లాను బట్టి. ఇల్లు ఎక్కడ ఉన్నదన్నది దానికి అక్కరలేదు. వాట్సాప్ గుంపులలో తిరిగే చిత్రాలు కొన్నిసార్లు పాత సంవత్సరానివి. తేదీ చూడనిదే నమ్మరాదు.

ఒకే వాన, వేరువేరు ఇళ్ళు

వాన సెలవు అందరికీ ఒకే విధమైన కష్టం అనుకోవడం సరికాదు. పాత మహాబలిపురం రోడ్డు వెంట ఉన్న సాఫ్ట్‌వేరు కార్యాలయాలలో పనిచేసే దంపతులకు ఇంటి నుంచి పనిచేసే వీలు ఉండవచ్చు. 2024 అక్టోబరు 15 నుంచి 18 వరకు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేయనివ్వవలసిందిగా తమిళనాడు ప్రభుత్వం సమాచార సాంకేతిక సంస్థలకు సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. ఆ సూచన వినిపించిన ఇళ్ళలో కూడా కష్టం లేకపోలేదు. కంప్యూటరు ముందు కూర్చున్న తల్లి ఒడిలోకి బిడ్డ ఎక్కడం, కరెంటు పోవడం, అటు సమావేశం ఆగిపోవడం మామూలే. ఆ వారంలోనే వేళచ్చేరి వాసులు తమ కార్లను వంతెన మీదికి ఎక్కించి వరుసగా నిలిపారు. కార్లకు ముందుచూపుతో చోటు చూడగలిగిన నగరం పిల్లలకు చోటు చూడలేదా అని ఎవరికైనా అనిపిస్తే తప్పు లేదు.

నిర్మాణ కూలీల సంగతి దీనికి తలకిందులు. వాన పడితే కట్టుబడి ఆగుతుంది. పని లేదు, కూలి లేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లోనే ఉంటారు కనుక పిల్లల కాపలా సమస్య కాదు. పొయ్యి మీదకు ఏమి ఎక్కించాలన్నది వారి సమస్య.

ఇళ్ళలో పనిచేసే స్త్రీల స్థితి ఇంకొక రకం. యజమానుల పిల్లలకూ సెలవే. “ఇవాళ కాస్త ముందుగా వచ్చి మావాళ్ళను చూసుకోవమ్మా” అన్న పిలుపు ఆ రోజే వస్తుంది. వెళ్ళకపోతే జీతంలో కోత పడుతుందన్న భయం, వెళితే తన పిల్లలను ఎవరికి అప్పగించాలన్న దిగులు. పెద్దింటి బిడ్డ కోసం పేదింటి బిడ్డ తాళం వేసిన గదిలో ఉండిపోవడం వాన సెలవులోని అతి చేదు నిజాలలో ఒకటి.

ఈ పుస్తకం చదివే తెలుగువారికి బాగా దగ్గరైనది పారిశుద్ధ్య కార్మికుల కథ. చెన్నై వీధులను ఊడ్చి, చెత్త ఎత్తి, కాలువలు తీసే కార్మికులలో తరాల క్రితం ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. బడికి సెలవు ఇచ్చిన మేఘమే వీరికి పని పెంచుతుంది. నీళ్ళు నిలిచిన వీధులలో కాలువల నోళ్ళకు అడ్డుపడిన చెత్త తీయడం, కూలిన కొమ్మలు తొలగించడం, నీరు తగ్గాక బురద ఎత్తి పొడి చల్లడం వీరి చేతుల మీదుగానే జరగాలి. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తరువాత, నగరం తిరిగి నడిచేలా చేసిన పనిలో వీరి పాలు పెద్దది. ఆ రోజుల్లో వీరి ఇళ్ళలోనూ నీళ్ళున్నాయి. వీరి పిల్లల బడులూ మూసే ఉన్నాయి. అత్యవసర విధులలో ఉన్నవారి పిల్లలకు ఆ రోజు ఒక చోటు చూపడం నగరపాలక సంస్థ చేయదగిన పని. కార్మిక సంఘాలు వానాకాలానికి ముందే, ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే, ఈ కోరికను రాతపూర్వకంగా మండల అధికారి ముందు ఉంచడం మంచిది. నీళ్ళు వచ్చాక అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు.

లెక్కలోకి రాని సెలవు

సెలవు ఆదేశంలో ఎక్కడా కనబడని గైరుహాజరు ఒకటున్నది. ఐదేళ్ళ తమ్ముడి బడి మూస్తే, తొమ్మిదో తరగతి చదివే అక్క ఇంట్లో ఆగిపోతుంది. ఆమె బడి వేరొక జిల్లాలో ఉండవచ్చు. లేదా తమ్ముడి బడిలో నీళ్ళు నిలిచి దానికి మాత్రమే సెలవు పొడిగించి ఉండవచ్చు. ఏమైనా, ఆమె బడి తెరిచే ఉంటుంది, ఆమె పేరు ఎదుట హాజరు పట్టీలో గైరుహాజరు పడుతుంది. అన్న ఆగడం అరుదు. తల్లి జీతం పోకూడదంటే ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఒకరు ఆడపిల్లే కావాలన్నది ఎవరూ పైకి చెప్పని నియమం.

అమెరికాలో మంచు కురిసిన రోజుల మీద జరిగిన ఒక పరిశీలన ఇక్కడ పనికి వస్తుంది. మంచు పడినప్పుడు బడులు మూయడం అక్కడ పరిపాటి. న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో మనుమలున్న తెలుగు తాతయ్యలకు, అమ్మమ్మలకు ‘స్నో డే’ అన్న మాట కొత్త కాదు. హార్వర్డ్‌లో పనిచేసిన ఆర్థికశాస్త్రవేత్త జాషువా గుడ్‌మన్ 2014లో మసాచుసెట్స్ బడుల లెక్కలు పరిశీలించి ఒక వింత తేల్చారు. బడి మొత్తం మూసిన రోజుల వల్ల పిల్లల మార్కులు తగ్గినట్లు కనబడలేదు. బడి తెరిచి ఉండగా కొందరు పిల్లలు మాత్రమే రాలేకపోయిన రోజుల వల్ల వారి చదువుకు దెబ్బ తగిలింది. కారణం ఊహించదగినదే. అందరూ రాకపోతే ఉపాధ్యాయుడు పాఠాన్ని ఆపి మరునాడు అక్కడి నుంచే ఎత్తుకుంటాడు. కొందరే రాకపోతే తరగతి ముందుకు సాగిపోతుంది, వెనుకబడ్డవారు వెనుకనే ఉంటారు. మంచుకు చెప్పిన ఈ మాటను వానకు అన్వయించి చూస్తే, చదువు పరంగా భయపడవలసింది కలెక్టరు ఇచ్చిన సెలవును గురించి కాదు. తమ్ముడి కోసం ఆగిపోయిన అక్క ఒక్క రోజే అసలైన నష్టం. అటువంటి రోజు తరువాత ఆ అమ్మాయి తరగతి ఉపాధ్యాయిని కలిసి, ఏ పాఠం పోయిందో అడిగి రాసుకోవడం తల్లిదండ్రులు పట్టుబట్టి చేయించవలసిన పని.

సెలవుకు బదులు ఆన్‌లైన్ తరగతులు పెడితే సరిపోదా అని అడిగేవారున్నారు. న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు 2024 ఫిబ్రవరి 13న మంచు సెలవు ఇవ్వకుండా ఇంటి నుంచే పాఠాలన్నాయి. ఉదయాన్నే ఎందరో విద్యార్థులు ఒక్కసారిగా లాగిన్ కాబోయేసరికి వ్యవస్థ మొరాయించింది. చెన్నైలో దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది: నీళ్ళు నిలిచిన చోట ప్రమాదం జరగకుండా విద్యుత్తును అధికారులే ఆపివేస్తారు. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది పనికి వెళ్ళిన తండ్రి జేబులో ఉంటే పాఠం వినేదెవరు?

మధ్యాహ్నపు అన్నం

బడి అంటే చదువు మాత్రమే కాదు, ఒక పూట భోజనం కూడా. బడిపిల్లలకు అన్నం పెట్టే ఆలోచనకు ఈ నగరంతో పాత సంబంధం ఉన్నది. 1920లో మదరాసు నగరపాలక సంస్థ ఆయిరం విళక్కు ప్రాంతంలోని తన బడిలో పిల్లలకు ఉపాహారం పెట్టడానికి తీర్మానించింది. ఒక్కొక్కరికి రోజుకు ఒక అణాకు మించరాదని హద్దు. అప్పటి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు; త్యాగరాయ నగరానికి ఆ పేరు ఆయన వల్ల వచ్చినదే. తరువాత కామరాజు కాలంలో, 1982లో ఎం.జి.ఆర్. కాలంలో ఆ పథకం రాష్ట్రమంతటా విస్తరించింది. 2022లో ఉదయపు ఉపాహారం కూడా మొదలైంది.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో ఎనిమిదవ తరగతి వరకు పిల్లలకు ఉచిత మధ్యాహ్న భోజనం హక్కు. కాని ఆ హక్కు పక్కనే ‘బడి సెలవు రోజులలో తప్ప’ అన్న మాట ఉన్నది. వాన సెలవు కూడా సెలవే. కనుక నిర్మాణ కూలీ ఇంట్లో కూలి పోయిన రోజునే పిల్లల రెండు పూటల తిండీ ఇంటి మీద పడుతుంది. ఇటువంటప్పుడు ఆదుకోగలిగినవి 2013లో నగరపాలక సంస్థ ప్రారంభించిన అమ్మ ఉణవగాలు. ఇడ్లీ ఒక్క రూపాయికి అమ్మిన చోట్లు అవి. 2021 నవంబరు వానలలో అక్కడ ఉచితంగా భోజనం పెట్టారు. తమ వార్డులో అది ఎక్కడున్నదో, నడిచి వెళ్ళే దారిలో నీరు నిలిచే సొరంగమార్గం ఉన్నదో లేదో పెద్ద పిల్లలకు ముందే చూపించి ఉంచాలి.

చట్టం చేయి ఎంతవరకు

చట్టం ప్రకారం 50 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశుసంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. తమ సంస్థలో అది ఉన్నదా అని అడగడానికి వెనుకాడనక్కరలేదు. అది దయ కాదు. అయితే అది ఆరేళ్ళ లోపు పిల్లలను ఉద్దేశించిన ఏర్పాటు. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వరకు, అంటే ఒంటరిగా వదలడానికి చిన్న, ఊయలలో వేయడానికి పెద్ద అయిన వయసుకు, వాన సెలవు నాడు చట్టం చూపే చోటు ఏదీ లేదు. చిన్న సంస్థలలో, ఇళ్ళలో పనిచేసేవారికి ఈ పాటి కూడా లేదు.

అందువల్లనే ఇరుగుపొరుగు ఏర్పాటు ముఖ్యమవుతున్నది. నాలుగైదు కుటుంబాలు కలిసి, ఎవరు ఏ రోజు ఇంట్లో ఉండగలరో సెప్టెంబరులోనే మాట్లాడుకుంటే, ఒక్కొక్కరికి మొత్తం వానాకాలంలో ఒకటి రెండు రోజుల సెలవు మించి ఖర్చు కాదు. పిల్లలను ఉంచే ఇల్లు మేడ మీదైతే మేలు. నీరు చేరే నేలగదిలో పిల్లలను పెట్టి బయట తాళం వేయడం ఎంతమాత్రం తగదు. గోడ చెమ్మగిల్లినప్పుడు స్విచ్చు ముట్టుకోవడం, నీరు పెరిగినప్పుడు బయటికి రాలేకపోవడం ప్రాణాంతకం. మూత లేని మురుగు గుంటలు నీళ్ళ కింద కనబడవు కనుక వీధిలో ఆటలు కూడా ఆ రోజుకు వద్దు. పిల్లలకు నోటికి రావలసిన అంకెలు మూడు: నగరపాలక సంస్థకు 1913, జిల్లా విపత్తు కేంద్రానికి 1077, ఆపదలో ఉన్న పిల్లలకు 1098. తమిళం రాని అవ్వ ఇంట్లో ఉంటే, వీధి పేరు, వార్డు సంఖ్య తమిళంలో ఎలా చెప్పాలో మనుమలే నేర్పవచ్చు. చాలా ఇళ్ళలో ఇప్పటికే నేర్పుతున్నారు.

తిరిగి వచ్చే శనివారం

వాన సెలవు అక్కడితో తీరిపోదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదవ తరగతి వరకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పని దినాలు ఉండాలి. పోయిన రోజులను బడులు శనివారాలలో పూడ్చుకుంటాయి. 2023 డిసెంబరులో తుపాను తరువాత చేసినట్లు అర్ధ సంవత్సర పరీక్షలు కూడా వెనక్కి జరుగుతాయి. సంక్రాంతికి ఊరికి టిక్కెట్లు తీసుకునే తెలుగు కుటుంబాలు ఈ సంగతి మరువరాదు. శనివారం పని ఉన్న తల్లిదండ్రులకు ఆ తరగతి ఒక విధంగా ఊరటే. శనివారం సెలవున్నవారికి మాత్రం పిల్లలతో గడిపే పగలు పోతుంది. ఒక్క విషయం మాత్రం అడిగి తెలుసుకోవాలి. పూడ్చే శనివారం బడి పని దినమే కనుక ఆ రోజు మధ్యాహ్న భోజనం వండి తీరాలి. వండకపోతే, 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం ఆ రోజుకు సరిపడా ధాన్యం, వంట ఖర్చు కలిపి ఆహార భద్రతా భత్యంగా పిల్లలకు చెందుతాయి; ప్రధానోపాధ్యాయుని అడిగి, జవాబు రాకపోతే రాసి ఇవ్వవచ్చు.